ఎదుటి అంచు

"కడిగాను. అంతేగా నేను చేసింది? దానికి తలుపేసుకుని కూర్చోవాలా మీ నాన్న?"

రెమెదియోస్ పిన్ని ఈ మాట పొద్దున్నుంచి ఎన్నోసారి అందో ఆవిడకే గుర్తులేదు. నికానోర్ గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. దాల్చినచెక్క వేసి కాచిన కాఫీ గడప దగ్గర పెడితే అది అక్కడే చల్లారిపోయింది. రేపు పెళ్ళి. పెళ్ళికూతురి తండ్రి అలిగి గదిలో ఉన్నాడు. మరదలు వంటింట్లో ఉంది. మధ్యలో పెళ్ళికూతురు కసిల్దా నిలబడి ఉంది.

వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద పదమూడు వెండి కాసులు ఆరబెట్టి ఉన్నాయి. పిండేసిన నిమ్మచెక్కలు, వంటసోడా, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు ఇంకా ఆ పక్కనే పడి ఉన్నాయి. పెళ్ళంటే పిన్నికి కడగడమే. పరదాలు ఉతికింది, మెట్లు కడిగింది, పిల్లి నీళ్ళు తాగే గిన్నె కూడా తోమింది. పెళ్ళికూతురు వేసుకోవాల్సిన ముసుగు ఒక్కటే ఆవిడ చేతికి చిక్కలేదు. అది అక్కగారు, కసిల్దా తల్లి అంపారోది. దాన్ని ఎప్పటికీ ఉతకనని అంపారో చెల్లెలి చేత ఒట్టు వేయించుకుంది. ఎందుకో చెప్పలేదు.

ఆ పదమూడు కాసులూ అంపారో ఆరాస్. పెళ్ళిలో ఫాదర్ ఎదుట పెళ్ళికొడుకు పెళ్ళికూతురి దోసిట్లో పోస్తాడే, అవి. రెండేళ్ళ కిందట ఆఖరి రోజుల్లో అంపారో కూతుర్ని దగ్గరికి పిలిచి, గొంతు పెగలకపోయినా అడగాల్సింది అడిగింది.

"నా ఆరాస్ నీ చేతుల్లో పడాలి. పదమూడూ పడాలి. అప్పుడు నేనూ వచ్చినట్టే."

కసిల్దాకి ఈ పెళ్ళిలో కావలసింది ఆ ఒక్కటే. గౌను కురచైనా, మోలె కూరలో కారం ఎక్కువైనా ఆమెకి పట్టదు. అమ్మ రావాలి, అంతే.

"వాటికి చర్మం ఉంటుంది పిన్నీ," అంది కసిల్దా నీరసంగా. "ఏళ్ళ తరబడి పట్టిన నలుపు. తోమితే పోతుంది. మళ్ళీ రాదు."

"చర్మమా? మురికి అంటారు దాన్ని. ఆ చర్చిలో అంతమంది ముందు నల్లకాసులు పోయిస్తారా? మా అక్క పరువేం కాను?"

వీధిలో ఎవర్ని అడిగినా పిన్నినే సమర్థిస్తారు. కానీ ఇది నాణేల ఇల్లు. ఇక్కడ వెండి తోమడం కంటే గోడ కూలగొట్టినా క్షమిస్తారు.

లగునియ్యా సంతలో ప్రతి ఆదివారం నికానోర్ బల్ల వేస్తాడు. ఆయన నాణేలు అమ్మేది తక్కువ, తీర్పులు చెప్పేది ఎక్కువ. వంకర నాణెం, గంటు పడ్డ నాణెం, బొమ్మ జరిగిపోయిన నాణెం దొరికినవాళ్ళు ప్వేబ్లా, తొలూకా లాంటి పొరుగూళ్ళ నుంచి కూడా బస్సెక్కి వచ్చేస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆయన కూడా ఒక్క మాటే చెప్తాడు: పుట్టుమచ్చ, లేదా గాయం.

టంకశాలలో అచ్చు పడేటప్పుడు జరిగిన తప్పు పుట్టుమచ్చ. గేటు దాటి బయటికి వచ్చాక జరిగింది ఏదైనా గాయం. మచ్చ ఉన్న నాణేన్ని చూస్తే సేకరించేవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. గాయపడ్డదాన్ని చూసి జాలిపడి వదిలేస్తారు. అందుకే గాయాన్ని మచ్చ అని నమ్మించాలని చూసేవాళ్ళకి కొదవలేదు. ఒకాయన ట్రాము పట్టాల మీద పెట్టి సాగదీసిన కాసు తెచ్చి, ఇది పుట్టుకతోనే ఇంత పెద్దది అన్నాడు. ఇంకొకాయన రెండు కాసుల్ని పట్టుకారులో బిగించి, ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద తిరగేసి దించి తెచ్చాడు. నికానోర్ దాన్ని తిప్పి చూసి, వెనకవైపు గద్ద ముక్కు చదునైపోయింది, పాపం ఊపిరాడలేదు దానికి, అని నవ్వుతూ తిరిగి ఇచ్చేశాడు. సంతలో ఆయన మాటకి తిరుగు లేదు.

ఇప్పుడు ఆయన కళ్ళకి పొర కమ్మింది. ఏడాదిగా భూతద్దం కసిల్దా చేతిలో ఉంది. మొదట్లో ఆమె చూసి చెబితే ఆయన తీర్పు ఇచ్చేవాడు. తర్వాత్తర్వాత ఆమె చూసింది ఆమే చెప్పేసేది, ఆయన తల ఊపేవాడు. పెళ్ళయ్యాక కూడా బల్ల నీదే అని అందరి ముందూ అన్నాడు. ఆ రోజు కసిల్దా ఎంత పొంగిపోయిందో రాయడం కష్టం.

ఇలాంటి ఇంట్లో పిన్ని వెండి తోమింది. నాన్న అలిగాడంటే అలగడా మరి, అనుకుంది కసిల్దా. ఎంత నష్టం జరిగిందో చూద్దామని భూతద్దం తీసింది. ఒక్కొక్కటే ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి చూసింది. ఒకవైపు గద్ద, ఇంకోవైపు కిరణాల మధ్య టోపీ. సన్నటి గీతలు పడ్డాయి, మెరుపు మరీ పచ్చిగా ఉంది. బాధ కలిగినా ప్రాణం పోయేంత కాదు.

ఆఖరున పదమూడోది ఎత్తింది.

దాన్ని గురించి తెలియనివాళ్ళు ఆ వీధిలో లేరు. దాని అంచున ఒకచోట ఎలుక కొరికినట్టు గుండ్రంగా ఒక ముక్క ఉండదు. పెళ్ళికి ముందురోజు టంకశాల గేటు దగ్గర నికానోర్ చేతికి వచ్చిందట. రేకులోంచి బిళ్ళలు కత్తిరించేటప్పుడు రేకు సరిగ్గా జరక్కపోతే, ముందు కత్తిరించిన కంత మీదే మళ్ళీ కోత పడి, బిళ్ళ కొంచెం తక్కువతో పుడుతుంది. అలా పుట్టిన కాసు నా పెళ్ళి ఆరాస్‌లో ఉంది, అలాంటి పెళ్ళి ఊళ్ళో ఇంకెవరికీ జరగలేదు, అని ఆయన మురిసిపోతూ చెప్పేవాడు. అంపారో కూడా వచ్చినవాళ్ళకి అద్దాల పెట్టె చూపించి అదే చెప్పేది. ఆ పెట్టె బాలయేసు పటం పక్కన గోడకి బిగించి ఉండేది. నిన్నటిదాకా ఎవరూ దాన్ని తెరవలేదు. కసిల్దా కూడా ఆ కాసుని అద్దంలోంచే చూసింది.

ఇప్పుడది ఆమె వేళ్ళ మధ్య ఉంది. కొరుకుడు లోపలి నలుపంతా పోయింది. కింద గుడ్డ మీద నల్లటి జిడ్డు మరక ఉంది. ఆమె గోటితో గీకి వాసన చూసింది. కొవ్వొత్తి మైనం, మసి.

కొరుకుడు లోపల ఏటవాలుగా సన్నటి గీతలున్నాయి. ఆకురాయి గీతలు. అక్షరం ఒకటి సగంలో తెగి ఉంది. పుట్టుకతో తక్కువైన కాసులో అక్షరాలు ఆ ఖాళీ వైపు కొంచెం సాగి, నీరసంగా వాలతాయి. ఇది మాత్రం కోసినట్టు తెగిపోయింది.

అయినా తీర్పు చెప్పాల్సింది అక్కడ కాదు. నాన్న ఆమెకి మొట్టమొదట నేర్పిన పాఠం అదే. ఖాళీని చూడకు తల్లీ, ఖాళీకి ఎదుటి అంచు చూడు. బిళ్ళకి గట్టు లేపేటప్పుడు రెండు వైపులా ఒకదాన్నొకటి ఒత్తుకోవాలి. ఒకవైపు ముక్క లేకపోతే ఎదుటివైపు ఒత్తిడి అందదు, అక్కడ గట్టు లేవదు. పుట్టుకతో ఉన్న లోటు ఎదుటివైపు కూడా కనిపిస్తుంది. తర్వాత కోస్తే ఎదుటివైపుకి ఆ సంగతే తెలియదు.

ఆమె కాసుని తిప్పింది. ఎదుటి అంచు నిండుగా, ఎత్తుగా, కొత్తగా పెట్టిన గట్టులా ఉంది.

కసిల్దా భూతద్దం బల్ల మీద బోర్లించేసింది. పిన్ని కంగారుగా ఏమైందని అడిగితే ఏం లేదంది.

"నాన్నా, నేను. తలుపు తియ్యి."

తలుపు తీశాడు. మంచం మీద మళ్ళీ కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు. ఆమె నిలబడే మాట్లాడింది.

"పదమూడోది చూశాను."

ఆయన దుప్పటి ముడతలు సరిచేశాడు.

"ఎదుటి అంచు నిండుగా ఉంది నాన్నా."

"మీ పిన్ని గట్టిగా తోమింది," అన్నాడు.

"లోపల ఆకురాయి గీతలున్నాయి. మైనం, మసి పూసి కప్పారు. నీకు తెలుసా?"

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆ చేతుల్నే చూస్తున్నాడు. ఆ కళ్ళకి అవి ఎంతవరకు కనిపిస్తున్నాయో.

తెలియకుండా ఉండదని కసిల్దాకి తెలుసు. ఈ మనిషికి ట్రాము కింద పడ్డ కాసు ఏ వైపు నుంచి పడిందో తెలుసు. సొంత ఇంట్లో, గోడ మీద ఉన్నదాని సంగతి తెలియదా? ఎవడో కోసి మచ్చ అని అంటగట్టిన కాసుని పెళ్ళికి తెచ్చి అమ్మని నమ్మించాడా? లేక గొప్పకోసం తనే కోశాడా? ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకుని, అబద్ధం చెప్పిన నాణేన్ని ముట్టుకోకు అని నేర్పింది ఈ మనిషేనా?

"అమ్మని మోసం చేశావా?"

ఆ మాటకి నికానోర్ తల ఎత్తాడు. ఏదో చెప్పబోయాడు, పెదవులు కదిలాయి కూడా. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"సాయంత్రం నీ కాబోయే మావగారు ఎవరిస్తో వస్తాడు. భూతద్దం జేబులో పెట్టుకునే వస్తాడు. నన్ను అడగడు, నిన్ను అడుగుతాడు."

"ఏం చెప్పమంటావు?"

"బల్ల దగ్గర ఏం చెప్తావో అదే చెప్పు."

అంతే. ఇంకెంత అడిగినా ఆయన నోరు మెదపలేదు. ఇలాంటి మౌనం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి తెలుస్తుంది, అరుపుల కంటే అది ఎంత నరకమో. కసిల్దా తలుపు వేసి వచ్చేసింది. వంటింట్లో ఎండుమిరపకాయలు వేగుతున్న ఘాటు నిండిపోయింది. కళ్ళు తుడుచుకోవడానికి అదొక సాకు దొరికింది.

ఎండ వాలేసరికి పెళ్ళికొడుకు తల్లిదండ్రులు వచ్చారు. వెనకే పెళ్ళికొడుకు ఉబాల్దో. ఆరాస్‌ని ఒక చిన్న పెట్టెలో సర్ది ముందురోజు పెళ్ళికొడుకుకి అప్పగించడం ఈ రెండిళ్ళూ ఒప్పుకున్న పద్ధతి. ఎవరిస్తో టోపీల కొట్టు యజమాని. మంచివాడు, గొంతు పెద్దది, నాణేల పిచ్చి. ఆ పదమూడో కాసుని అద్దంలోంచి చూసి చూసి అద్దం మీద మరక పడేలా ముక్కు ఆనించిన మనిషి. ఆయన భార్య హసింతాకి నాణేలంటే లెక్కలేదు. శకునాలంటే మాత్రం ప్రాణం. ఉబాల్దో అక్షరాలు కూర్చే ప్రెస్సులో పనిచేస్తాడు, తక్కువ మాట్లాడతాడు.

నికానోర్ గడ్డం గీసుకుని, కోటు వేసుకుని వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. పిన్ని చాక్లెట్ పానీయం కప్పుల్లో పోసింది. కాసేపు ఎండల గురించి, ఫాదర్ గారి మోకాళ్ళ నొప్పి గురించి మాటలు సాగాయి. తర్వాత పెట్టె తెరిచారు.

హసింతా కాసుల మెరుపు చూసి సంబరపడిపోయింది. ఎవరిస్తో మాత్రం చావు కబురు విన్నట్టు గుండె పట్టుకున్నాడు.

"తోమారా బావగారూ? ఈ ఇంట్లోనా?"

"నేనే," అంది పిన్ని, దేనికైనా సిద్ధమన్నట్టు.

ఎవరిస్తో జేబులోంచి భూతద్దం తీసి నేరుగా పదమూడోదాన్ని పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ కోరిక తీరింది. తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. నవ్వు కొంచెం తగ్గింది. ఆయనకి పూర్తిగా తెలియదు, కానీ ఏదో తేడాగా అనిపించింది.

"అమ్మాయ్, ఇప్పుడు ఈ బల్లకి కళ్ళు నువ్వే కదా," అన్నాడు కాసు చాపుతూ. "నీ నోటితో వినాలని ఉంది. పుట్టుమచ్చేగా?"

అందరూ ఆమె వైపు చూశారు. ఒక్క మాట. ఔనంటే చాలు. రేపు పదమూడూ ఆమె దోసిట్లో పడతాయి, అమ్మ వస్తుంది. ఇక ఆ కాసు గురించి మళ్ళీ ఎవరూ అడగరు.

కసిల్దా తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, తనకేమీ కానట్టు. ఆమెకి కోపం వచ్చింది. నిజం చెప్పే మనుషులకి కోపం కూడా తోడైతే ఎవరూ ఆపలేరు. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేం. ఆమె ఆగలేదు.

"గాయం."

ఎవరిస్తో విననట్టు చెవి ముందుకు పెట్టాడు.

"ఎవరో కోశారు. తర్వాత ఆకురాయితో గుండ్రంగా అరగదీశారు. ఎదుటి అంచు చూడండి మావయ్యగారూ. పూర్తిగా ఉంది."

పిన్ని చేతిలో ఉన్న చాక్లెట్ కూజాని చప్పుడు లేకుండా బల్ల మీద పెట్టింది. ఆవిడ మొహం పాలిపోయింది.

"అమ్మాయి సరిగ్గా చెప్పింది," అన్నాడు నికానోర్ కిటికీ వైపు నుంచి తిరగకుండానే.

"మరి ఇన్నేళ్ళూ మీరు..."

"ఇన్నేళ్ళూ నేను తప్పు చెప్పాను బావగారూ."

సంతలో ఆయన ఈ మాట అనగా విన్నవాళ్ళు లేరు. ఎవరిస్తో భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గురువు జారిపడితే శిష్యుడు ఎటు చూడాలో తెలియక నేలవైపు చూస్తాడే, అలా చూశాడు.

హసింతాకి ఈ గొడవంతా అర్థం కాలేదు. ఒక్క మాట మాత్రం అర్థమైంది.

"కోశారా? పెళ్ళి ఆరాస్‌నా?" ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. "తప్పుగా అనుకోకండి. కోసిన కాసు నా కొడుకు చేత్తో పోయించను. వాళ్ళ కాపురం నాకు ముఖ్యం. పన్నెండు మీవి ఉండనివ్వండి, పదమూడోది మా ఇంట్లోంచి పంపిస్తా. మంచిది, నిండుగా ఉన్నది."

ఉబాల్దో తల్లికి ఏదో చెప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. వాళ్ళు లేచారు. చీకటి పడకముందే ఉబాల్దో ఆ కొత్త కాసు తెచ్చి, పెట్టె పట్టుకెళ్ళాలని తేల్చారు. గడప దగ్గర ఉబాల్దో వెనక్కి తిరిగి కసిల్దా వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. తన నోటితో తనే అమ్మని పెళ్ళిలోంచి పంపేసిందని అప్పుడే తెలిసొచ్చింది ఆమెకి.

తలుపు మూసుకున్నాక నికానోర్ లేచి గోడ తడుముకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

"తృప్తిగా ఉందా?" అంది పిన్ని.

"నేనేం చేశాను పిన్నీ? ఉన్నమాట చెప్పాను."

"మీ అమ్మ కోసింది దాన్ని."

కసిల్దా పిన్ని మొహంలోకి చూసింది.

పిన్ని అప్పుడు కూర్చుని చెప్పింది. ఏడవకుండా, గుడ్డ మడతలు పెట్టుకుంటూ చెప్పింది. కసిల్దాకి ముందు ఒక కొడుకు పుట్టాడు. అనాస్తాసియో. ఇంట్లో తాచో అనేవాళ్ళు. పుట్టినప్పుడే వాడి గుండె సరిగ్గా లేదు, పాలు తాగితే పెదవులు నీలంగా అయ్యేవి. నికానోర్ ఊళ్ళమ్మట సంతలకి వెళ్ళి ఉన్నప్పుడు వాడికి జ్వరం ముదిరింది. అంపారో ఒక్కతే ఉంది. బిడ్డ బతకాలని, చర్చిలో బాలయేసు దగ్గర వెండి బిడ్డబొమ్మ వేలాడదీస్తానని మొక్కుకుంది. ఇంట్లో వేరే వెండి లేదు. పెళ్ళి కాసు తీసుకుని కంసాలి దగ్గరికి పరుగెత్తింది. అతను ఒక ముక్క కోసి, కొట్టి, గోరంత బిడ్డని చేసి ఇచ్చాడు. అది పట్టుకుని చర్చికి వెళ్ళింది. వాడు దక్కలేదు.

"ఆరాస్ కోశాను కాబట్టి దేవుడు కోపగించుకున్నాడు, నేనే చంపుకున్నాను, అని పట్టుకుంది," అంది పిన్ని. "వాడి గుండె పుట్టుకతోనే అంత, నువ్వు చేసిందేం లేదు అని మీ నాన్న ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అన్నం మానేసింది. వాడి పేరెత్తితే చాలు, గోడకి తల కొట్టుకునేది. ఆఖరికి ఆయన ఆ కాసు తీసుకుని, గుండ్రంగా అరగదీసి, మసి పూసి, అద్దాల పెట్టెలో పెట్టాడు. ఇది ఇలాగే పుట్టింది, ఎవరూ కొయ్యలేదు, అని వీధి వీధంతా చెప్పుకుంటూ తిరిగాడు. తను చెబితే వినదని ఆ కాసు చేత చెప్పించాడే అమ్మా. చెప్పగా చెప్పగా మీ అమ్మ కూడా చెప్పడం మొదలుపెట్టింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. అన్నం మాత్రం తింది."

కసిల్దాకి నవంబరు మొదటిరోజు గుర్తొచ్చింది. పోయినవాళ్ళ కోసం ఇంట్లో బంతిపూల మెట్లు పేర్చినప్పుడు, కింది మెట్టు మీద అమ్మ ప్రతి ఏడూ ఒక చిన్న కప్పులో పాలు పెట్టేది. ఎవరికమ్మా అంటే, ఎవరూ లేని పసివాళ్ళకి అనేది. చిన్నప్పటి నుంచీ ఆ కప్పు పెట్టే పని కసిల్దాదే. చల్లారిన పాలు పెడితే అమ్మ ఊరుకునేది కాదు, గోరువెచ్చగా ఉండాలనేది.

ఆమెకి ఏడుపు ఆగలేదు. వంటింటి గుడ్డలో మొహం దాచుకుని ఏడ్చింది. తను నిజమే చెప్పింది. చెప్పి, నాన్న ఇన్నేళ్ళు మోసిన మాటని పరాయివాళ్ళ ముందు పగలగొట్టింది. ఆయన ఆపొచ్చు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆగేది. ఆ మాట అంపారోది కాబట్టి ఆయన చెప్పలేదు. తను మోసగాడు అనిపించుకున్నాడు కానీ ఆ తల్లి చేతికి కత్తెర పెట్టలేదు.

నాన్న దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళడానికి ధైర్యం చాలక, గోడకి వేలాడుతున్న అమ్మ ముసుగుని తీసుకుని వెళ్ళింది. ఎందుకు తీసుకెళ్ళిందో ఆమెకే తెలియదు. ఆయన మంచం మీద అలాగే కూర్చుని ఉన్నాడు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పిన్ని చెప్పింది."

"చెప్పకుండా ఉండాల్సింది."

"నన్ను క్షమించు నాన్నా."

"బల్ల దగ్గర చెప్పాల్సిందే చెప్పావు. నువ్వు మచ్చ అని ఉంటే, రేపటి నుంచి నా బల్ల దగ్గర ఎవర్ని కూర్చోబెట్టను? నేను భయపడింది దానికి కాదు. కోసిన కాసు పోయించనని ఆ హసింతా అంది చూడు, ఆ మాట విని ఉంటే మీ అమ్మ మళ్ళీ అన్నం మానేసేది."

ఆయన చెయ్యి చాపి ముసుగుని ముట్టుకున్నాడు. అంపారో పోయాక దాన్ని ముట్టుకోవడం ఇదే మొదలు. కళ్ళు మసకబారాక ఆయన బొటనవేలే ఆయనకి భూతద్దం. అలవాటుకొద్దీ ఆ వేలు ముసుగు అంచు వెంట మెల్లగా జరుగుతూ వెళ్ళింది. ఒక మూల దగ్గర ఆగిపోయింది.

మళ్ళీ వెనక్కి వచ్చింది. అక్కడే ఆగింది.

"కసిల్దా, ఇక్కడ ఏముంది?"

ఆమె వేలు పెట్టి చూసింది. కుట్టు మడతలో ఏదో గట్టిగా, గోరంత ఉంది. పలచటి గుడ్డలోంచి ఒక గుండ్రటి తల తెలుస్తోంది. రెండు చిన్న చేతులు. వెనకవైపు నున్నగా లేదు. కాసు గట్టు మీద ఉండే సన్నటి పళ్ళు నాలుగు ఇంకా అరగకుండా ఉన్నాయి.

"చర్చిలో వేలాడదీశానంది నాతో," అన్నాడు నికానోర్.

వెండి బిడ్డని పట్టుకుని చర్చికి వెళ్ళేలోపలే తాచో పోయాడన్న కబురు వచ్చి ఉంటుంది. వెనక్కి తిరిగి ఉంటుంది. ఆ సంగతి భర్తకి చెప్పలేక, మొక్కు తీర్చానని చెప్పి, దాన్ని తన పెళ్ళి ముసుగులో కుట్టేసుకుంది. చెల్లెలి చేత ఒట్టు వేయించుకుంది. ఆమె కోసం ఆయన గోడ మీద ఒక అబద్ధం బిగించాడు. అదే గదిలో, ఆయనకి తెలియకుండా, ఆమె బట్టల పెట్టె అడుగున ఇంకొకటి దాచుకుంది. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని, ఒకరికొకరు బాధ కలగకూడదని, ఒక్క ఏడుపు కలిసి ఏడవలేదు.

నికానోర్ ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు. ఆయన బొటనవేలు మాత్రం ఆ చిన్న తలని నిమురుతూనే ఉంది.

"కుట్టు విప్పనా నాన్నా?"

"వద్దు తల్లీ," అన్నాడు ఆయన. "పడుకున్నాడు. లేపకు."

కింద వీధి తలుపు కొట్టిన చప్పుడైంది. పిన్ని వెళ్ళి తీసింది. మెట్ల మీద ఉబాల్దో బూట్ల చప్పుడు, వెనకే పిన్ని గొంతు, మెల్లగా రమ్మని. కసిల్దా లేచి మొహం తుడుచుకుని, వంటింటి బల్ల మీద నుంచి ఆరాస్ పెట్టె తీసుకుంది. అందులో పన్నెండే ఉన్నాయి. కోసిన కాసు ఆమె పిడికిట్లో ఉంది. అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది.

ఉబాల్దో గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు. అతని అరచేతిలో తల్లి పంపిన కాసు ఉంది, నిండుగా, ఒక్క గీత కూడా లేకుండా.

"మా అమ్మ ఇది ఇమ్మంది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఏది పెట్టమంటావో నువ్వు చెప్పు, కసిల్దా. రేపు పోసేది నేను."

కసిల్దా పెట్టె మూత తెరిచి పట్టుకుంది. పిడికిలి మాత్రం ఇంకా విప్పలేదు.